అమ్మ మాట ఒక్కటే కాదు

1920 ఆగస్టులో అమెరికా ఆడవాళ్ల ఓటుహక్కు ఒక్క ఓటు దగ్గర ఆగింది. ఆ ఓటు వేసిన 24 ఏళ్ల శాసనసభ్యుడు హ్యారీ బర్న్, తానెందుకు మనసు మార్చుకున్నాడో సభాముఖంగానే చెప్పాడు. చెప్పిన కారణాలు అయిదు. లోకం గుర్తుపెట్టుకున్నది మూడోది మాత్రమే.

టెనసీ రాష్ట్రం తూర్పు కొండల్లో నయోటా అని ఒక చిన్న ఊరు. 1920 ఆగస్టులో ఒకరోజు ఆ ఊళ్లో పొలం చేసుకుంటున్న ఒక వితంతువు ఇంటికి పెద్దింటావిడ ఒకరు వచ్చారు. లూయిజియానా గవర్నరు భార్యనని చెప్పుకున్నారు. ఆవిడ వచ్చిన పని ఒక్కటే. నాష్‌విల్‌లో శాసనసభలో ఉన్న మీ అబ్బాయికి మీరు రాసినట్టు చెబుతున్న ఉత్తరం మీది కాదని ఒక్క మాట చెప్పండి, చాలు. నయానా భయానా అడిగి చూశారు. ఇంటావిడ చెప్పలేదు. వచ్చినావిణ్ని గడప దాటించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ ఇంటావిడ పేరు ఫెబ్ బర్న్. ఊళ్లో అందరికీ మిస్ ఫెబ్. చేతులు దులుపుకుని ఊరుకోలేదు, నాష్‌విల్‌కి టెలిగ్రాం కొట్టారు. టెలిగ్రాంలో మాటకింత అని డబ్బు కట్టాలి. ఈవిడ పొదుపు చెయ్యలేదు. ఫలానా ఆవిడ వచ్చింది, నా ఉత్తరం అబద్ధమని నాచేత అనిపించాలని శతవిధాలా చూసింది, ఆ ఉత్తరం నేను రాసిందే, నా పేరుతో మరే మాట బయటికొచ్చినా అది అబద్ధం, నేను ఓటుహక్కు పక్షానే నిలబడ్డాను, మా అబ్బాయినీ చివరిదాకా అక్కడే నిలబడమంటున్నాను, నా ఇంట్లోనే ఆ మనిషి నన్ను అవమానించింది. ఇదీ అందులోని సారం.

ఆగస్టు 26ను అమెరికాలో మహిళా సమానత్వ దినంగా జరుపుకుంటారు. దానికి ముందొచ్చే ఆదివారం ముఖచిత్రానికి హ్యారీ బర్న్ మీద కథనం కావాలని మా ఎడిటర్ అడిగారు. శీర్షిక కూడా ఆయనే సూచించారు: ‘అమ్మ మాట విన్న కొడుకు’. ఎవరికైనా తట్టే శీర్షికే. నిండుసభలో కొడుకు, జేబులో తల్లి ఉత్తరం, చివరి నిమిషంలో మారిన మనసు. ఇంతకన్నా తెలుగువాళ్ల మనసుకి హత్తుకునే కథ ఏముంటుంది? కానీ తల్లి రాసిన ఉత్తరం, కొడుకు సభలో ఇచ్చిన సంజాయిషీ పక్కపక్కన పెట్టుకుని చదివాక ఆ శీర్షిక పెట్టడానికి నాకు మనసొప్పలేదు. అది తల్లినీ తక్కువ చేస్తుంది, కొడుకునీ తక్కువ చేస్తుంది.

వెనకటి కథ తొందరగా చెప్పేస్తాను. స్త్రీ అన్న కారణంగా ఓటు నిరాకరించకూడదనే రాజ్యాంగ సవరణ అమెరికా కాంగ్రెస్ ముందుకు మొదట వచ్చింది 1878లో. ఉభయ సభలూ దాటింది 1919 జూన్‌లో. అప్పటికున్న 48 రాష్ట్రాల్లో 36 ఒప్పుకుంటే అది రాజ్యాంగంలో చేరుతుంది. 1920 మార్చికల్లా 35 అయ్యాయి. జూన్‌లో డెలావేర్ కాదంది. కనెక్టికట్, వెర్మాంట్ గవర్నర్లు సభనే పిలిచేది లేదన్నారు. దక్షిణాది రాష్ట్రాల్లో చాలావరకు అప్పటికే తిరస్కరించాయి. అధ్యక్షుడు విల్సన్ ఒత్తిడితో టెనసీ గవర్నరు ఆల్బర్ట్ రాబర్ట్స్ ఆగస్టు 9న ప్రత్యేక సమావేశం పిలిచారు. 13న సెనేట్ 25–4తో ఆమోదించింది. మిగిలింది ప్రతినిధుల సభ. ఆగస్టు 18 ఉదయానికి అందరూ అక్కడికి చేరారు.

అక్కడ కొంచెం నెమ్మదిగా చూడాలి. కొండమీది శాసనసభ భవనం, ఆగస్టు ఎండ, కిక్కిరిసిన గ్యాలరీలు. సవరణ కావాలనేవాళ్లు పసుపు గులాబీ, వద్దనేవాళ్లు ఎర్ర గులాబీ పెట్టుకున్నారు. కోటుల మీది గులాబీలు లెక్కపెట్టి ఎవరు గెలుస్తారో పైనుంచే అంచనా కట్టొచ్చు. హ్యారీ బర్న్ కోటుకి ఎర్ర గులాబీ ఉంది. స్పీకర్ సెత్ వాకర్ కుర్చీ దిగి కిందికొచ్చాడు. యుద్ధం అయిపోయింది, గెలిచాం అన్న ధోరణిలో మాట్లాడి, ఈ తీర్మానాన్ని పక్కన పెట్టేద్దామని ప్రతిపాదించాడు. పక్కన పెడితే ఆ సవరణ అక్కడితో సరి.

ఓట్లు లెక్కపెడితే 48–48. వాకర్ మళ్లీ లెక్కించమన్నాడు. మళ్లీ 48–48. సమానంగా వచ్చింది కాబట్టి పక్కన పెట్టే ప్రతిపాదన వీగిపోయింది. ఆ రెండుసార్లూ హ్యారీ పక్కన పెట్టేద్దామనే వాళ్లవైపే ఓటేశాడు. ఇది మరిచిపోకూడదు. తల్లి ఉత్తరం అప్పటికే అతని దగ్గరుంది. ఉత్తరం చదవగానే కరిగిపోయిన కొడుకయితే మొదటి లెక్కింపులోనే కరిగిపోవాలి కదా.

అప్పుడిక అసలు తీర్మానం మీదే ఓటింగ్. అక్షరక్రమంలో పేర్లు పిలుస్తారు. బర్న్ పేరు మొదట్లోనే వస్తుంది. పేరు పిలిచారు, అతను ‘అవును’ అన్నాడు. ఎర్ర గులాబీ పెట్టుకున్న మనిషి నోట ఆ మాట రావడంతో ఏం జరిగిందో కాసేపటిదాకా చాలామందికి అర్థం కాలేదు. చివరి లెక్క 49–47. మళ్లీ విచారణకు పెట్టించే హక్కు గెలిచినవైపు ఓటేసినవాళ్లకే ఉంటుంది కాబట్టి వాకర్ అప్పటికప్పుడు తన ఓటునీ ‘అవును’గా మార్చుకున్నాడు.

ఇక ఉత్తరం సంగతి. ఏడు పేజీలు. అందులో ఎక్కువ భాగం ఏ తల్లయినా దూరాన ఉన్న కొడుక్కి రాసే ఇంటి కబుర్లే. వాటి మధ్యలో అక్కడక్కడా రాజకీయం తొంగి చూస్తుంది. ఓటుహక్కుకే ఓటెయ్యి, వాళ్లని ఇంకా అనుమానంలో ఉంచకు అంటారు. ఫలానా ఆయన ఉపన్యాసం చదివాను, చాలా కటువుగా ఉంది అంటారు. నువ్వు ఎటువైపు నిలబడ్డావో పత్రికల్లో చూస్తూనే ఉన్నాను, ఇంతవరకు ఏమీ కనపడలేదు అంటారు. చివరికి, మంచి పిల్లాడిలా మిసెస్ క్యాట్‌కి సాయం చెయ్యమంటారు. క్యారీ చాప్‌మన్ క్యాట్ అంటే ఆ ఉద్యమానికి జాతీయ నాయకురాలు, అప్పుడు నాష్‌విల్‌లోనే మకాం వేసి ఉన్నారు.

ఈ నాలుగు ముక్కలు మరోసారి చదవండి. ఇందులో నా మాట కాదంటావా, కనిపెంచిన తల్లిని అన్న బతిమాలాట ఎక్కడుంది? పత్రిక రోజూ చదివే మనిషి ఇందులో ఉంది. ఎవరి ఉపన్యాసంలో ఎంత విషముందో తూచిన మనిషి ఉంది. కొడుకు సభలో ఏం మాట్లాడుతున్నాడో, ఏం దాటవేస్తున్నాడో కనిపెట్టి అడిగిన మనిషి ఉంది. నియోజకవర్గంలో ఓటరు తన సభ్యుణ్ని ఎలా నిలదీస్తుందో అలా ఉంది. తేడా అల్లా, ఈ ఓటరుకి రాష్ట్ర శాసనసభ ఎన్నికల్లో ఓటు లేదు.

కటువుగా మాట్లాడినాయన పేరు హెర్షెల్ క్యాండ్లర్. హ్యారీ జిల్లా నుంచే గెలిచిన సెనేటరు, రాజకీయాల్లో హ్యారీకి గురువులాంటివాడు. ఆ పెద్దాయన మాట ఒకవైపు, తల్లి మాట ఒకవైపు. ఫెబ్ ఆ ఉత్తరంలో కొడుకుని ముద్దు చేస్తున్నారని నాకనిపించలేదు. వాడి గురువుతో వాదం పెట్టుకున్నారు.

ఫెబ్ కాలేజీలో చదువుకున్నారు, బడిలో పంతులమ్మగా పనిచేశారు. భర్త జేమ్స్ బర్న్ నయోటా రైలుస్టేషన్‌లో ఏజెంటు. 1916లో ఆయన పోయాక పొలం బాధ్యతంతా ఆవిడ మీదే పడింది. తన పొలంలో పనిచేసే చదువురాని కూలీలు వెళ్లి ఓటేసి వస్తుంటే, పత్రికలన్నీ చదివే తనకి ఆ హక్కు లేదన్నది ఆవిడ మనసులో గుచ్చుకున్న ముల్లు. ఆవిడంటే నాకు చాలా ఇష్టం ఏర్పడింది. అయినా ఈ మాట దగ్గర ఆగాను. చదువురానివాళ్లకి ఉన్నది నాకెందుకు లేదన్న ప్రశ్నలో న్యాయం ఉంది. చదువురానివాళ్లకి ఎందుకుండాలన్న అర్థం అందులోంచి రావడానికి ఎంతోసేపు పట్టదు. ఆ రోజుల్లో దక్షిణాది రాష్ట్రాలు నల్లవాళ్లని ఓటుకి దూరం పెట్టడానికి వాడిన సాధనాల్లో అక్షరాస్యత పరీక్ష ఒకటి.

మర్నాడు, ఆగస్టు 19న, హ్యారీ సభలో లేచి నిలబడ్డాడు. అప్పటికే లంచం తీసుకుని ఓటు మార్చాడని పుకార్లు లేచాయి. వాటిని పుట్టించినవాళ్లకే వాటిలో ఇసుమంత నిజం లేదని తెలుసని ముందు తిప్పికొట్టాడు. తర్వాత తన ఓటు ఎందుకు మారిందో వరసగా చెప్పాడు. అదంతా సభా కార్యకలాపాల పుస్తకంలో రికార్డయింది. ఈ కథనానికి నాకు దొరికిన కాగితాల్లో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది అదే.

మొదటిది, సంపూర్ణ ఓటుహక్కు ఆడవాళ్లకి హక్కుగానే రావాలని నమ్ముతున్నాను. రెండోది, ఈ సవరణని ఆమోదించే నైతికాధికారం, చట్టబద్ధమైన అధికారం మన సభకి ఉన్నాయని నమ్ముతున్నాను. మూడోది, తల్లి సలహా పాటించడమే కొడుక్కి క్షేమం, మా అమ్మ నన్ను దీనికి ఓటెయ్యమంది. నాలుగోది, కోటీ డెబ్భై లక్షల మంది ఆడవాళ్లని రాజకీయ దాస్యం నుంచి విడిపించే అవకాశం మామూలు మనిషికి ఎప్పుడో గాని రాదు, అది నాకు వచ్చింది. అయిదోది, ఈ పని చేసింది తూర్పు టెనసీ కొండల నుంచి వచ్చిన ఒక రిపబ్లికన్ అని రాష్ట్రంలోనూ దేశంలోనూ నా పార్టీ చెప్పుకోగలగాలి.

రెండో కారణాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. నిజానికి నాష్‌విల్‌లో రోజూ నలిగిన వాదం అదే. మధ్యలో ఒక ఎన్నిక జరిగితే తప్ప శాసనసభ ఇలాంటి సవరణ మీద ఓటెయ్యకూడదని టెనసీ రాజ్యాంగంలో ఒక నిబంధన ఉంది. ఓటేస్తే చేసిన ప్రమాణం తప్పినట్టేనని వద్దనేవాళ్లు సభ్యుల్ని బెదరగొట్టారు. ఆ జూన్‌లోనే సుప్రీంకోర్టు ఒహాయో రాష్ట్రానికి సంబంధించిన కేసులో, సవరణల ఆమోదం దేశ రాజ్యాంగం చెప్పినట్టే జరగాలి తప్ప రాష్ట్రాలు అడ్డుకట్టలు పెట్టకూడదని తీర్పు ఇచ్చింది. 24 ఏళ్ల కుర్రాడు ఆ సంగతి ఆలోచించుకుని, దానికి సమాధానం చెప్పుకుని సభలోకొచ్చాడు. అమ్మ కొంగు పట్టుకుని వచ్చిన పిల్లాడు చేసే పని కాదది.

అయిదో కారణం దగ్గర మింగుడుపడని మాట ఒకటుంది. తన కొండప్రాంతాన్ని గురించి చెబుతూ ప్రపంచంలోకెల్లా స్వచ్ఛమైన ఆంగ్లో సాక్సన్ గడ్డ అన్నాడు హ్యారీ. ఆడవాళ్లని దాస్యం నుంచి విడిపిస్తున్నానని చెప్పిన నోటితోనే, మరో వాక్యంలో జాతి స్వచ్ఛత గురించి గర్వంగా చెప్పుకున్నాడు. ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది ఆ ముక్క వదిలేస్తారు. నేను వదలలేను. ఎందుకంటే ఆ సవరణ తర్వాత ఏం జరిగిందో ఆ ముక్కలోనే కొంత ఉంది. దక్షిణాదిలో నల్లజాతి ఆడవాళ్లలో ఎక్కువమందికి ఆ హక్కు చేతికి అందింది 1965 ఓటుహక్కు చట్టం తర్వాతే. ఆ దేశపు ఆదివాసులందరికీ పౌరసత్వం వచ్చిందే 1924లో. మనవాళ్ల సంగతికొస్తే, భారతీయులు అమెరికా పౌరసత్వానికి అర్హులు కారని 1923లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తలుపు మళ్లీ తెరుచుకున్నది 1946లో. ఇవాళ టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఓటేస్తున్న తెలుగు ఆడపడుచుల వెనక హ్యారీ ఓటు ఉంది, కానీ అదొక్కటే లేదు.

మరి ఆ రెండుసార్లూ వ్యతిరేకంగా ఎందుకు ఓటేశాడు? నియోజకవర్గంలో అభిప్రాయాలు చీలి ఉన్నాయి. నవంబరులో మళ్లీ ఎన్నికలు. పక్కన పెట్టడమంటే ఎటూ తేల్చకుండా వాయిదా వెయ్యడం, అలా జరిగిపోతే అతనికి ఏ తలనొప్పీ ఉండదు. అసలు తీర్మానమే ముందుకొచ్చాక దాటవేసే దారి మూసుకుపోయింది. ఇది నా అంచనా. ఇందులో అతన్ని తప్పుపట్టాలని నాకు లేదు. ఏ సభలోనయినా సభ్యుడు ముందు తన కుర్చీ చూసుకుంటాడు. హ్యారీ గొప్పతనం, కుర్చీ పోయే ప్రమాదం ముఖాముఖీ ఎదురైనప్పుడు తప్పుకోకపోవడం. ఓటేసి ఊరుకోకుండా మర్నాడు లేచి కారణాలు రాతపూర్వకంగా మిగిలేలా చెప్పడం.

ఆ తర్వాత రోజులు గడవడం కష్టమయింది. ఓటమిని ఒప్పుకోని సభ్యులు కొందరు కోరం చెడగొట్టాలని రాత్రికి రాత్రి రైలెక్కి సరిహద్దు దాటి అలబామాలోని డెకేటర్‌కి వెళ్లిపోయారు. కోర్టు ఉత్తర్వులు అడ్డొచ్చాయి. చివరికి ఆగస్టు 24న గవర్నరు సంతకం చేసి పత్రాన్ని పంపారు. 26 తెల్లవారుజామున అది వాషింగ్టన్ చేరింది. విదేశాంగ మంత్రి బెయిన్‌బ్రిడ్జ్ కోల్బీ తన ఇంట్లోనే, ఒక్క మహిళా నాయకురాలు కూడా ఎదుట లేకుండా, దాని మీద సంతకం పెట్టేశారు. డెబ్భై ఏళ్లు పోరాడినవాళ్లని పిలిచి ఉంటే ఆయన సొమ్మేం పోయేది?

హ్యారీ నవంబరులో మళ్లీ గెలిచాడు, అదీ అంతంతమాత్రం మెజారిటీతోనే. 1923లో లాయరయ్యాడు. 1930లో గవర్నరు పదవికి పార్టీ టికెట్ కోసం పోటీచేసి ఓడిపోయాడు. తర్వాత బ్యాంకు నడిపాడు, రాష్ట్ర సెనేట్‌లో కూర్చున్నాడు. 81 ఏళ్ల వయసులో 1977 ఫిబ్రవరిలో పోయాడు. ఫెబ్ 1945లోనే వెళ్లిపోయారు. నాక్స్‌విల్ నగరంలో 2018లో తల్లీకొడుకుల విగ్రహం పెట్టారు. ఉత్తరం కూడా ఆ ఊరి గ్రంథాలయంలోనే భద్రంగా ఉంది.

అతని జీవితంలో మరో ఘట్టం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 1870లో రాసుకున్న టెనసీ రాజ్యాంగాన్ని 83 ఏళ్లపాటు ఎవరూ కదపలేదు. దాన్ని సవరించడానికి 1953లో మొదటిసారి సమావేశం పెట్టినప్పుడు ప్రతినిధుల్లో హ్యారీ ఒకడు. ఓటెయ్యాలంటే పన్ను కట్టాలనే నిబంధనని ఆ సమావేశమే తీసెయ్యమంది, ఓటర్లు అదే ఏడాది ఒప్పుకున్నారు. ఆ పన్ను కట్టలేక దశాబ్దాలపాటు ఓటుకి దూరమైనవాళ్లలో నల్లవాళ్లున్నారు, పేద తెల్లవాళ్లున్నారు. హ్యారీ తర్వాత 1959, 1965, 1971 సమావేశాలకీ వెళ్లాడు.

మరో రెండు ఓట్లు

49–47లో హ్యారీ ఓటు ఎంత ముఖ్యమో బ్యాంక్స్ టర్నర్ ఓటూ అంతే ముఖ్యం. గిబ్సన్ కౌంటీ డెమొక్రాటు, రైతు. వద్దనేవాళ్ల లెక్కలో ఉన్న మనిషి. రెండో లెక్కింపు జరుగుతున్నంతసేపూ స్పీకర్ వాకర్ పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యేసి చెవిలో మాట్లాడుతూనే ఉన్నా టర్నర్ లొంగలేదు. 48–48 వచ్చింది ఆయనవల్లే. అసలు ఓటింగులో పేరు పిలిచినప్పుడు పలకకుండా ఊరుకుని, చివర్లో లేచి ‘అవును’ అన్నాడు. మెంఫిస్ సభ్యుడు జో హానోవర్‌ది మరో కథ. పోలండ్‌లో పుట్టిన యూదుడు, చిన్నప్పుడే వలసవచ్చిన కుటుంబం. మొదట అనుకూలంగా ఉన్న వాకర్ అడ్డం తిరిగాక సభలో ఓట్లు చెదిరిపోకుండా కాపాడింది హానోవరే. బెదిరింపులు ఎక్కువై అంగరక్షకుణ్ని పెట్టుకోవాల్సి వచ్చింది.

కిటికీ కథ

కోపంతో రగిలిపోతున్న జనం వెంటపడితే హ్యారీ మూడో అంతస్తు కిటికీలోంచి దూకి, గోడ అంచు పట్టుకుని నడిచి అటకమీద దాక్కున్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. చదవడానికి బాగుంటుంది. నాకు నమ్మకం కుదరలేదు. మర్నాడే అదే సభలో, అదే మనుషుల ముందు నిలబడి అయిదు కారణాలు చెప్పిన మనిషికి ఆ అటక అతకదు.

హెర్మిటేజ్ హోటల్

శాసనసభకి కొద్ది దూరంలోని ఈ హోటల్లోనే రెండు పక్షాలూ దిగాయి. మద్యనిషేధం అమల్లో ఉన్నా వ్యతిరేకుల గదిలో విస్కీ పారింది. ఎనిమిదో అంతస్తులోని ఆ గదికి జాక్ డేనియల్స్ గది అని పేరు. వ్యతిరేక పక్షానికి నాయకత్వం వహించింది కూడా ఒక మహిళే, జోసెఫిన్ పియర్సన్. ఆమె వెనక ఉన్నదీ తల్లి మాటే. ఈ సవరణ ఎప్పుడైనా టెనసీకి వస్తే దానికి వ్యతిరేకంగా పోరాడతానని చనిపోబోతున్న తల్లికి ఆమె మాటిచ్చారు. నాష్‌విల్‌లో ఆ ఆగస్టులో తల్లి మాట రెండు వైపులా పనిచేసింది.

ఫ్రాంకీ పియర్స్

ఆగస్టు ఓటింగుకి మూడు నెలల ముందు, 1920 మేలో, మహిళా ఓటర్ల సంఘం మొదటి రాష్ట్ర సమావేశం అదే ప్రతినిధుల సభా మందిరంలో జరిగింది. నాష్‌విల్‌లో నల్లజాతి మహిళల్ని కూడగట్టిన ఫ్రాంకీ పియర్స్ అక్కడ మాట్లాడారు. టెనసీ 1919లోనే ఆడవాళ్లకి పురపాలక ఎన్నికల్లోనూ అధ్యక్ష ఎన్నికల్లోనూ ఓటు ఇచ్చింది. ఆ ఓటుని నల్లజాతి ఆడవాళ్లు ఏం అడగడానికి వాడతారో ఆవిడ సూటిగా చెప్పారు. దిక్కులేని నల్లజాతి ఆడపిల్లల్ని జైళ్లలో పెట్టకుండా వాళ్లకొక వృత్తివిద్య బడి కావాలన్నారు. సభ తర్వాతి ఏడాది చట్టం చేసింది. 1923లో నాష్‌విల్‌లో బడి తెరుచుకుంది. 1939 దాకా దాన్ని నడిపింది ఫ్రాంకీ పియర్సే.